నా ఊపిరితిత్తుల ఫోటో

ఎమ్మిగనూరు,
సోమవారం.

శ్రీవారికి శ్రీవల్లి నమస్కారాలు. ఇక్కడ అందరం బాగున్నాం. మీ చీటీ చదివించుకుని అత్తమ్మ రెండుసార్లు ఏడ్చింది, రెండూ సంతోషంతోనే. ఆక్సిజన్ మాస్కు వల్ల ఫోన్లో మాట్లాడలేకపోతే ఏం, ఇలాగే రాసి పంపండి. మీ తమ్ముడు అనిల్ బట్టలతో పాటు ఈ ఉత్తరమూ కర్నూలు ఆసుపత్రికి తెస్తాడు.

నూలు కొట్టు సంగతి అడిగారు. మగ్గాలే ఆగిపోతే నూలెవరికి? అనిల్ పొద్దున కాసేపు తెరిచి ఈగలు తోలి వస్తున్నాడు.

నాకు ఆపరేషన్ జరిగిందని మీ చెవిన వేసిందెవరు? పోయిన గురువారం కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతుంటే ఆదోని ఆసుపత్రికి తీసుకుపోయారు. అపెండిక్స్ అట, ఆలస్యమైతే పగిలిపోతుందన్నారు. కానీ ఈ కరోనా రోజుల్లో అర్జంటు కేసు ఏదొచ్చినా ముందు ఛాతీ ఎక్స్‌రే తీయాలట. నొప్పి కడుపులో, ఫోటో ఛాతీకి!

బంగారం తీయమన్నారు. మీరు ఆక్సిజన్ మీద ఉంటే తాళి ఎలా తీస్తాను? మొండికేశాను.

"నా కొడుకు ఊపిరి వాని రొమ్ములో ఉండాదా, నీ మెడలో ఉండాదా? తియ్యమ్మా" అని అత్తమ్మే తీసి, పసుపు కొమ్ము కట్టిన దారం నా మెడలో వేసింది.

అంత నొప్పిలోనూ నా బుద్ధి పోనిచ్చుకోలేదు, కంప్యూటర్ వైపు మెడ సాచి చూశాను. ఊపిరితిత్తుల్లో గాలి నల్లగా కనబడుతుందట! ఎడమవైపు మాత్రం తెల్లటి మచ్చ. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది.

"కరోనా వార్డుకు పంపాలమ్మా. టెస్టు రిపోర్టు వచ్చినాక ఆపరేషన్ సంగతి సూద్దాం."

అంతదాకా కడుపు ఆగుతుందా? భయం ఒకవైపు, ఆ మచ్చ మీది నుంచి చూపు తిప్పుకోలేకపోవడం ఇంకోవైపు. వేలంత పొడవు, మీద కణుపులు.

"మేడం, జబ్బుకు కణుపులు ఉంటాయా?" అని అడిగాను.

ఆమె కంప్యూటర్ చూసింది, నా మెడ చూసింది, నవ్వేసింది. నేను ఎక్స్‌రే పలకకు ఆనుకుని నిలబడ్డప్పుడు పసుపు కొమ్ము పక్కకు జరిగి ఫోటోలో పడింది. మళ్లీ తీస్తే మచ్చే లేదు. ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు. కుట్లు మానుతున్నాయి, బెంగపడకండి.

ఇంతవరకు అత్తమ్మకూ తెలుసు. తెలియనిది ఒకటుంది. రెండో ఫోటోకు ఆ దారమూ తీయాల్సి వచ్చింది. అత్తమ్మ బయట ఉంది. నేనే తీశాను. పెళ్లయ్యాక నా మెడ బోసిగా ఉండటం అదే మొదటిసారి. "ఊపిరి బిగపట్టమ్మా" అన్నారు. బిగపట్టి, మీకేమవుతుందోనని వణికిపోయాను.

నాకు ఫోటో తీసిన ఆ మధ్యాహ్నమే మీకు కాసేపు ఆక్సిజన్ తీసి చూశారని, మీ అంతట మీరే ఊపిరి పీల్చారని చీటీలో చూసి, ఆ ముక్కే మళ్లీ మళ్లీ చదువుకున్నాను. నేను దారం తీసిన సంగతి అత్తమ్మకు మాత్రం మీరే వచ్చి చెప్పాలి. నాకు ధైర్యం చాలదు.

ఇట్లు,
మీ ఇల్లాలు
శ్రీవల్లి