ఉయ్యాలకు గొలుసులు మాత్రమే

కుంభకోణం

చెల్లెమ్మా కోమళం, రాలేకపోయానని దిగులుపడకు, మనవరాలు అభిరామి పెళ్ళి దివ్యంగా జరిగింది. మండపం ఒప్పందం మీద చదవకుండా సంతకం పెట్టింది నా బావమరిది పంచాపకేశన్. "ఉయ్యాలకు గొలుసులే ఇస్తారట, బల్ల ఇవ్వరట" అని నేను చదివి చెబితే, "మండపం కాగితానికి కూడా పరీక్ష పెడతారా బావగారూ?" అని నలుగురిలో నవ్వాడు. తీరా వధూవరులు ఉయ్యాల వేడుకకు వచ్చేసరికి ఉత్త గొలుసులు వేలాడుతున్నాయి. వాడి ముఖం నువ్వు చూడాల్సింది! అమ్మ పెళ్ళినాటి బల్లను నేను పొద్దున్నే ఆటోలో తెచ్చి ఉంచాను. పిల్ల దానిమీదే ఊగింది. అమ్మ పాడే ఉయ్యాల పాట రాసి పంపు, ఇక్కడెవరికీ రెండో చరణం రాలేదు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? పంచాపకేశన్ ఇప్పుడు కొడుకు పెళ్ళికి మండపం కాగితం తెచ్చి, "కాస్త చదివిపెట్టండి బావగారూ" అంటున్నాడు. చదువుతానులే, ముందు మూడుసార్లు అడిగించుకుంటాను. మీ అందరికీ నా ఆశీస్సులు, ఈ ఒక్కసారికి వాడికి కూడా.

మీ అన్న