పదకొండు పేర్ల అర్జీ

అన్నా,

ఒక తప్పు జరిగింది. మనవాళ్ళు పదకొండు మంది పేర్లు, వాళ్ళ తండ్రుల పేర్లతో, ఊళ్ళ పేర్లతో సహా ఈ ఎస్టేటు మేనేజరు చేతికి చేరాయి. చేర్చింది ఏ చాడీకోరూ కాదు. నేనే, నీ తమ్ముణ్ణి.

ఇది ముందు చెప్పకుండా క్షేమ సమాచారాలు రాయడానికి చెయ్యి రాలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. నువ్వు, వదిన, పాప ఎలా ఉన్నారు? అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? మన వైపు గాలివాన పట్టిందని ఇక్కడెవరో అన్నారు, ఇంటి పైన రేకులు నిలిచాయా? నేను ఇక్కడ బాగానే ఉన్నాను. జ్వరం లేదు, దగ్గు లేదు, వేళకు తింటున్నాను. నా గురించి ఏమీ దిగులు పెట్టుకోవద్దు. అమ్మకు ఇంతవరకే చదివి వినిపించు. ఇక్కడి నుంచి నీ ఒక్కడికే.

అన్నా, నాకు భయంగా ఉంది. ఈ మాట నేను ఎప్పుడూ నీతో అనలేదు కదా.

ఈ ఉత్తరం తెచ్చేది గూడూరు కోటయ్య మామ. చుట్టరికం లేదు, ఇక్కడ మా అందరికీ ఆయన మామే. ఆయన ఆ పదకొండు మందిలో లేడు. గడువు పూర్తయి, పాస్‌పోర్టు చేతికి వచ్చి, రేపు శుక్రవారం విమానం ఎక్కుతున్నాడు. శనివారం గూడూరులో దిగి, ఇల్లు కూడా చూడకుండా నేరుగా నీ దగ్గరికి వస్తానన్నాడు. మా ఫోన్లన్నీ ఆఫీసులో పెట్టి తాళం వేశారు. మామ చెన్నై నుంచే ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటావేమో. ఆయన భయస్థుడు, సగం చెప్పి సగం మింగేస్తాడు. అందుకే మధ్యాహ్నం తిండి వేళ, చెట్ల వరసల మధ్య ఎరువు సంచి మీద కూర్చుని ఇది రాస్తున్నాను. మోటారు సైకిలు చప్పుడైతే చాలు, కాగితం చొక్కాలోకి పోతోంది. ఇప్పటికి మూడుసార్లు పోయింది.

ఇక్కడి పని నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. పామాయిలు చెట్టు మన తాటిచెట్టుకు దాయాది లాంటిది, కాకపోతే గెలలో కూడా ముళ్ళుంటాయి. పొడుగాటి గడకు కొడవలి బిగించి, మెడ వెనక్కి వాల్చి గెల కోస్తాం. కింద నాలుగైదు ఎర్రటి పండ్లు రాలి ఉంటేనే పైన గెల పండినట్టు. రాలిన ప్రతి పండూ ఏరాలి. రోజూ మధ్యాహ్నం మూడు గంటలకు, ఎవరో పిలిచినట్టు వాన వస్తుంది. తిండికి ఎండు నెత్తళ్ళ చేపలు వేయించి, మిరపకాయల పచ్చడిలో చక్కెర కలిపి అన్నం పక్కన పెడతారు. మొదటి రోజు చక్కెర చూసి వంటమనిషితో పోట్లాటకు దిగాను. ఇప్పుడు మారు అడుగుతున్నాను.

అసలు సంగతికి వస్తాను. కొన్ని వారాల కిందట ఈ మలేషియా పెద్దలు మన దేశం గురించి ఏదో మాట అన్నారు. మన పెద్దలకు కోపం వచ్చింది. కోపం వచ్చినవాళ్ళు ఎదురుగా కూర్చుని తేల్చుకోవాలి కదా? అలా కాదు. మీ దగ్గర శుద్ధి చేసిన నూనె ఇక కొనం, ముడి నూనె అయితే చూస్తాం అన్నారు. ఆ మాట ఢిల్లీలో అన్నారు. ఇక్కడ మా ఎస్టేటు వాళ్ళు అమ్మేది శుద్ధి చేసిన నూనే, వాళ్ళ కర్మాగారంలో పొగ ఆగింది. తోటలో మాకు ఆరు రోజుల పని మూడు రోజులైంది.

సరిగ్గా అదే వారం నువ్వు ఫోన్ చేశావు. "ఒరే, కృష్ణపట్నానికి ముడి నూనె ఓడలు వరసబెట్టి వస్తుండాయిరా! మా రిఫైనరీలో మూడు షిఫ్టులూ పనే, ఓవర్‌టైం అడిగినోడికి అడిగినంత" అని ఎంత సంతోషంగా చెప్పావు! నేను "మంచిదిలే" అని ఫోన్ పెట్టేశాను. నువ్వు నొచ్చుకొని ఉంటావు. నీ మీద కోపం కాదన్నా. నెల్లూరు కార్మిక సభల్లో తెచ్చుకున్న కరపత్రాలన్నీ నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. "వాటితో శెనక్కాయలు పొట్లం కట్టుకో" అనేవాడివి నువ్వు. కార్మికుడు ఎవరితో పోరాడాలో వాటిలో ఉంది. ఒకే నూనెకు ఆ చివర అన్న, ఈ చివర తమ్ముడు ఉండి, అన్నకు దొరికిన పనే తమ్ముడికి పోయిన పని అయితే ఏం చెయ్యాలో ఏ కరపత్రంలోనూ లేదు. రేపు ఆ పెద్దలు ఒకరికొకరు శాలువాలు కప్పుకొని నవ్వితే నీ మూడో షిఫ్టు ఏమవుతుందో, అది కూడా లేదు.

ఇక్కడి మేస్త్రీ ఒకరోజు నవ్వుతూనే అన్నాడు, మీ దేశానికి మా నూనె వద్దట, మరి మీరు మా తోటలో ఎందుకని. తర్వాతి వారం నవ్వలేదు. ఇండియా వాళ్ళ పర్మిట్లు ఈసారి పొడిగించరని బోర్డు పెట్టారు. మా గడువు వచ్చే బుధవారం. పర్మిట్ పోయినా పాస్‌పోర్టు చేతిలో ఉంటే ఇంటికి రావచ్చు. వాటిని మేం వచ్చిన రోజే భద్రంగా దాస్తామని తీసుకున్నారు. అడిగితే రేపు, మాపు.

నాకు రక్తం మరిగింది. మన రాయబార కార్యాలయానికి అర్జీ రాద్దామన్నాను. మన ఏజెంటు పంపిన పదకొండు మందిమీ సంతకాలు పెట్టాం. సోమవారం నెల్లూరు కలెక్టరాఫీసులో అర్జీ ఎలా ఇస్తామో అచ్చం అలాగే రాశాను. పేరు, తండ్రి పేరు, ఊరు, మండలం, పాస్‌పోర్టు నంబరు. పైన తెలుగులో, కింద ఇంగ్లీషులో. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. కానీ నాకు మన ఊరి బుద్ధి పోలేదు. అర్జీ అంటే ఒక కాపీ మీద ముద్ర కొట్టించి, అందినట్టు సంతకం తీసుకోవాలి కదా? ముద్ర లేకపోతే అది అర్జీయే కాదని చిన్నప్పటి నుంచీ చూస్తున్నాం.

నా పక్క మంచం అతను వద్దన్నాడు. అతని పేరు రాయను, ఆ పదకొండులో ఎవరి పేరూ ఈ ఉత్తరంలో రాయను.

"యో లీడరూ, నేరుగా పోస్టులో ఎయ్యరాదా? ఆఫీసోళ్ళకి చూపించేదెందుకు?"

"నీకేం తెలుసు? రేపు మాకు అందలేదంటే ఏం చూపిస్తావు, నీ మొగమా?"

"మొగం చూపించకుండా ఉండాలనే చెప్తుండా."

నేను వినలేదు. ఆఫీసులో గుమాస్తా తెలుగాయన. ఆయన ముత్తాత ఎప్పుడో విశాఖపట్నం వైపు నుంచి ఓడలో వచ్చాడట. మన మాట వినపడితే ప్రాణం లేచి వస్తుందంటాడు. ఎస్టేటు ద్వారా పంపితే పద్ధతిగా ఉంటుందని కూడా నాకు తోచింది, చూడు నా తెలివి. కాగితం తీసుకొని మురిసిపోయాడు.

"ఏటి నాయనా, ఎంత ముచ్చటగా రాసినావు! తెలుగు మాటాడ్డమే గానీ సదవడం రాదు నాకు."

రెండు కాపీల మీదా ముద్ర కొట్టాడు. ఒకటి నాకిచ్చి, రెండోది పై ట్రేలో పెట్టాడు. నేను ముద్ర కొట్టిన కాపీ పట్టుకొని గెలిచినవాడిలా నడుచుకుంటూ వచ్చాను. ఆ నడక గుర్తొస్తే ఒళ్ళు మండుతోంది.

మర్నాడు పొద్దున హాజరు వేళ మేనేజరే వచ్చాడు. మా కాగితం చూసి పిలిచాడు, నేను రాసిన వరసలోనే. మొదటి పేరు నాది. తండ్రి పేరు కూడా చదివాడు. పోయిన మన నాయన పేరు ఆ నోట్లోంచి, ఆ తోటలో, అంత మంది ముందు వచ్చింది. పదకొండు మందినీ విడిగా నిలబెట్టి ఫోన్లు, నా ముద్ర కాపీతో సహా, తీసుకున్నారు. అప్పటి నుంచి మేం గేటు దాటకూడదు. మా చేతికి ఈ దేశపు భాషలో ఉన్న కాగితం ఒకటి ఇచ్చారు. కోటయ్య మామ కూడబలుక్కొని చదివాడు. అర్జీ అబద్ధమనీ, మా ఇష్టంతోనే పని మానుకుంటున్నామనీ ఉంది. సంతకం పెడితే పర్మిట్ ఆ క్షణమే రద్దు, పాస్‌పోర్టు ఇస్తామన్న మాట మాత్రం అందులో లేదు. పెట్టకపోతే, బుధవారం గడువు తీరగానే మేం తోట వదిలి పారిపోయామని పోలీసులకు రాసిస్తారట. పాస్‌పోర్టు లేనివాడు నేను పారిపోలేదని ఎవరికి చెప్పుకోవాలి? అలా పట్టుకుపోయినవాళ్ళు ఏ జైల్లో ఉన్నారో నెలల తరబడి ఇళ్ళకు తెలియలేదని మామ చెప్పాడు.

ఇంతవరకు ఎవరమూ సంతకం పెట్టలేదు.

గుమాస్తాను పట్టుకొని అడిగాను. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "ట్రేలో ఉన్న కాయితం పైకి పంపకపోతే నా ఉజ్జోగం పోద్ది నాయనా. నువ్వు నాకెందుకిచ్చినావు?"

మావాళ్ళు నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. మాట్లాడితే దెప్పడమే. నిన్న అన్నం చల్లారిపోయిందని ఒకడు అంటే, "అర్జీ రాయమందాం ఉండు, ముద్ర కూడా ఏయించుకొస్తాడు" అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు. నా పక్క మంచం అతను నవ్వలేదు. "మా ఆవిడకి ఏడో నెల" అన్నాడు. "నన్ను పట్టుకుపోతే ఆ మాట ఆమెకి ఎవురు చెప్తారు? నువ్వు చెప్తావా?" చెప్తానన్నాను. "అయితే పట్టుకుపోకముందే చెప్పు" అన్నాడు. అందుకే ఈ ఉత్తరం.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది విను. ఆ పదకొండు పేర్లూ కోటయ్య మామ నోటికి నేర్చుకున్నాడు. గడ భుజాన వేసుకొని ఎక్కాలు వల్లించినట్టు వల్లిస్తున్నాడు. అందరివీ ముత్తుకూరు చుట్టుపక్కల ఊళ్ళే. ఆదివారం మామను వెంటబెట్టుకొని ప్రతి ఇంటికీ పో. ఏజెంటు ఇచ్చిన ఒప్పందం కాగితాలూ వీసా జిరాక్సులూ ప్రతి ఇంట్లో ఉంటాయి. నావి బీరువాలో, టెన్త్ సర్టిఫికెట్ కింద ఉన్నాయి. ఏజెంటు చెవిన మాత్రం పడకూడదు, పడితే వెంటనే ఎస్టేటుకు చేరుతుంది. సోమవారం అందరూ కలిసి కలెక్టరు ముందు నిలబడాలి. మేం ఈ తోటలోనే ఉన్నామనీ, పారిపోలేదనీ, మా పాస్‌పోర్టులు ఎస్టేటు దగ్గరే ఉన్నాయనీ బుధవారం లోపల అక్కడి నుంచి మన రాయబార కార్యాలయానికి మాట చేరాలి. ఒకరిద్దరు వెళితే తర్వాత రమ్మంటారు. పదకొండు ఇళ్ళవాళ్ళూ ఆడామగా వెళితే అనలేరు.

మూడు షిఫ్టులు నడిచేచోట సెలవు అడిగితే నీ సూపర్‌వైజరు ఏమంటాడో నాకు తెలుసు. ఇన్నాళ్ళకు నీకు దొరికిన మంచి రోజులకు నేనే అడ్డుపడుతున్నాను. సిగ్గుగానే ఉంది, అయినా అడుగుతున్నాను.

మామ దగ్గర అమ్మకు మోకాళ్ళకు రాసుకునే తైలం పంపాను. పడుకునే ముందు రాయమను, కళ్ళకు తగలనివ్వొద్దు. వదినకు నమస్కారాలు, పాపకు ముద్దులు. పెద్దనాన్నకూ పెద్దమ్మకూ నా దండాలు చెప్పు. ఎందుకని అడిగితే ఊరికే అను. అమ్మ కాళ్ళకు ఇక్కడి నుంచే మొక్కుతున్నాను, నీ కాళ్ళకూ. నన్ను దీవించండి. కింద నా పేరు పెట్టడం లేదు. నా దస్తూరీ నీకు తెలుసు.

ప్రతి ఇంటి గుమ్మంలోనూ తప్పు ఎవరిదో ముందు చెప్పు, నన్ను వెనకేసుకు రావొద్దు. తిట్టేవాళ్ళను బస్సెక్కాక తిట్టమను, నెల్లూరు దాకా తిట్టుకోవచ్చు. ఆ ఏడో నెల ఆమెకు కిటికీ పక్కన సీటు చూడు. బస్సు మాత్రం తప్పిపోకూడదు. సోమవారం పొద్దున ఏడు గంటలకు, అందరూ, ముత్తుకూరు బస్టాండు దగ్గర.