కెమేరాకు పట్టిన గిడుగు

సోములమ్మా,

నీకు చదువు రాదు. వచ్చినా ఈ ఉత్తరం నీకు చేరదు. అయినా మిషన్ బడిలో నేర్చిన నాలుగు అక్షరాలతో రాస్తున్నాను. ఈ రోజు నీ గిడుగు తిరిగొచ్చింది.

కిందటి వానాకాలం మనిద్దరం ఫోటోల దొర సామాను మోసుకుంటూ అరకు ఎక్కుతున్నాం. దారిలో దొర ఆగి, ఫోటోకని నిన్ను ఎదురుగా నిలబెట్టాడు. కెమేరా తడుస్తోందని నా మీద కేకలేశాడు. నా గిడుగు నిండా చిల్లులే. నువ్వు వెదురు బద్దల మీద అడ్డాకులతో కుట్టుకున్న కొత్త గిడుగును నీ తల మీంచి తీసి కెమేరాకు పట్టింది నేనే.

"కెమేరాకి జొరమొత్తాదేటి?" అన్నావు.

"నోర్ముయ్యి, దొర ఇంటాడు," అన్నాను.

జ్వరం నీకే వచ్చింది. తొమ్మిదో రోజున పోయావు.

పోయిన మనిషి గిడుగును పూడ్చిన మట్టి మీద బోర్లించడం మన ఊరి ఆచారం. వెళ్లి అడిగితే, వానలు తగ్గాక ఇస్తానన్నాడు దొర. నేను మళ్లీ అడగలేదు. ఆ గిడుగే కెమేరాకు పడుతూ ఏడాదంతా అతని వెనక తిరిగాను.

ఈ రోజు మద్రాసు నుంచి కెమేరాకు రబ్బరు గుడ్డ వచ్చింది. ఇక అక్కర్లేదని దొర గిడుగు ఇచ్చేశాడు. ఆకులన్నీ కుళ్లి రాలిపోయాయి. మిగిలిన వెదురు బద్దల్నే తెచ్చి నీ మీద బోర్లించాను. వాన వాటి సందుల్లోంచి నేరుగా నీ మట్టి మీద పడుతోంది.

నేను తడవడం లేదు. నా చేతిలో నల్లగుడ్డ గొడుగుంది. కెమేరాను బాగా కాపాడానని దొర ఇచ్చాడు.