పడవ సంగతి ఆమె అడగలేదు

ఇలోయిలో నగరం, బుధవారం

తమ్ముడు రోమెల్‌కు,

నిన్న ఉదయం పదిన్నరకు నేను కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాను. పడవ మునిగిన వార్తకు ఫొటోలు తీసి వచ్చినప్పటి నుంచి నువ్వు కెమెరా ముట్టుకోలేదు. వెళ్లమంటే, "పిచ్చి నాకా? ముందు నువ్వు చూపించుకో అన్నా" అన్నావు. అందుకే వెళ్లాను.

గదిలో రెండు కుర్చీలు, ఒక ఫ్యాను ఉన్నాయి. పడుకోబెట్టే మంచం లేదు. విలేకరి అలవాటుకొద్దీ నోట్‌బుక్ తీసి నేనే ప్రశ్నలు మొదలుపెట్టాను. మేం చెప్పింది ఎవరికైనా చెబుతారా? మొదటిరోజే పడవ సంగతి చెప్పించుకుంటారా? ప్రాణం మీదికొస్తే తప్ప ఎవరికీ చెప్పనని, చెప్పాలనిపించిన రోజే వింటానని కౌన్సెలర్ అమెలిటా గారు ఓపికగా జవాబిచ్చారు. అన్నీ రాసుకున్నాను. ఇరవై నిమిషాలయ్యాక ఆమె నవ్వారు.

"మీ ప్రెస్ మీట్ అయిపోతే నేనూ ఒకటి అడగనా సార్? నిద్ర పడుతోందా?"

ఆ రోజు రేవులో నీ పక్కనే నేనూ ఉన్నానని అప్పటిదాకా ఆమెకు చెప్పలేదు. నోట్‌బుక్ మూసేశాను. మిగతా అరగంట నేనే మాట్లాడాను. అందులో ఒక్క ముక్కా రాసుకోలేదు.

కెమెరా తేనక్కర్లేదు. శుక్రవారం పదింటికి నీ పేరు రాయించాను, పదకొండింటికి నాది. నువ్వు మాట్లాడి వచ్చేదాకా ఆమె గది కిందున్న నూడుల్స్ కొట్టులో కూర్చుంటాను.

మీ అన్న