మునగని పిండాలు

మార్గశిర బహుళ దశమి, తెనాలి.

అమ్మ మొదటి తద్దినం అయింది. మనసేం బాగోలేదు.

పొద్దున పప్పు తిరగమోతలోకి ఎండుమిరపకాయ తుంచబోతుంటే పంతులుగారు ఆపారు.

"తద్దినం వంటకి మిరపకాయ పనికిరాదమ్మా, మిరియాలు వెయ్యండి. టమాటా, బంగాళాదుంప కూడా వద్దు. అవన్నీ తెల్లవాళ్ళ ఓడల్లో వచ్చినవి. మన పెద్దలు ఎరగరు."

బాపట్ల నుంచి తెచ్చిన జీడిపప్పు పరమాన్నంలో వేస్తే మాత్రం ఏమీ అనలేదు. అదీ ఓడలో వచ్చిందే.

పెద్దల సంగతి నాకు తెలియదు. అమ్మ మాత్రం పండుమిరపకాయ పచ్చడి లేనిదే ముద్ద ఎత్తేది కాదు. ఆస్పత్రిలో చివరగా అడిగింది కూడా అదే, డాక్టరు వద్దన్నారని పెట్టలేదు. ఈరోజు కూడా పెట్టలేదు.

మధ్యాహ్నం పిండాలు కలపడానికి అన్నయ్యతో కాలవకి వెళ్ళాను. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా గుర్రపుడెక్కే. పువ్వు అందంగా ఉందని దొరల కాలంలో దక్షిణ అమెరికా నుంచి తెచ్చిన మొక్కట. అన్నయ్య వదిలిన పిండాలు నీళ్ళను తాకలేదు, ఆకుల మీదే ఆగిపోయాయి. కర్రతో ఆకుల్ని పక్కకి నెడితే మళ్ళీ దగ్గరకి చేరాయి.

"పెనుమూడి వెళ్ళి కృష్ణలో కలపాల్సింది అన్నయ్యా."

"అక్కడ మాత్రం లేదంటావా? మొన్న చూశాగా, రేవంతా ఇదే. పద," అన్నాడు.

వచ్చేశాం. అమ్మ అన్నం ఇంకా ఆ ఆకుల మీదే ఉండుంటుంది, కారం కూడా లేకుండా.