నల్లబల్ల నా చెల్లెలికి చెందదు

లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైన నేను, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాసుకున్న వీలునామా ఇది. మతి స్థిమితంగా ఉందని డాక్టరు గారు కాగితం ఇచ్చారు. నా చెల్లెలి ప్రస్తావన వచ్చినచోట ఆ కాగితాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. ఆమె ఎప్పుడొచ్చినా ముందుగదిలోని నల్లబల్ల మీద చెయ్యివేసి, "అక్కా, నీ తర్వాత ఇది నాకే" అంటుంది. ఆ సంగతి తేల్చడానికే ఇదంతా. అమలు బాధ్యత పక్కింటి పోస్టుమాస్టరు గారిది.

1. ఇల్లు, సామాను నా కొడుక్కి. ఇందులో పేచీ లేదు.

2. చెక్క పిడి ఉన్న నా ఉన్ని డస్టరు బడి ఆయాకు. రోజూ సాయంత్రం డస్టర్లన్నీ వెనకగోడకు కొట్టి, సుద్దపొడికి దగ్గుతూ దులిపేది ఆమే. "అమ్మా, అందరికన్నా మీ డస్టరే తొందరగా అరిగిపోద్ది" అందొకసారి. ఊరంతా నా చెల్లెలి రాతను మెచ్చుకుంటుంటే, నా చెరపడాన్ని గమనించిన మనిషి ఆమె ఒక్కతే.

3. రంగు సుద్దముక్కల డబ్బా నా చెల్లెలికి. సీలు తీయలేదు. లెక్కలకు తెలుపు చాలని అందరితో అన్నాను గానీ, రంగుల్లో రాస్తే ఆమెతో పోలుస్తారనే భయంతోనే వాడలేదు.

ఇద్దరిదీ ఒకే బడి. ఆమె తెలుగు పీరియడు కాగానే నా లెక్కల పీరియడు. పాఠం ముగించినవాళ్ళే బోర్డు తుడిచి వెళ్ళాలన్నది బడి పద్ధతి. ఆమె తుడిచేది కాదు. ముత్యాల్లాంటి అక్షరాలతో ఓ పద్యం రాసిపెట్టి, నవ్వుకుంటూ వెళ్ళిపోయేది. నేను డస్టరు ఎత్తగానే పిల్లలు "టీచర్, చెరపకండి టీచర్!" అని గోల. నా భిన్నాలన్నీ కింద మూలలో ఇరుక్కునేవి. నాకు ఒళ్ళు మండిపోయేది. ఇప్పటికీ మండుతుంది.

సెలవుల్లో బోర్డులకు నల్లరంగు వేసేది నా భర్తే. ఆయన వడ్రంగి. ఒక ఏడాది ఆమె పద్యం చుట్టూ జాగ్రత్తగా రంగు వేసి, నా లెక్క మీదుగా బ్రష్షు లాగేశాడు. నిలదీస్తే, "నీ లెక్కదేముందే, మళ్ళీ చేస్తే అదే జవాబొస్తుంది" అన్నాడు. చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు.

4. ఆ అలక తీర్చడానికి ఆయన చేసిచ్చినదే ఈ నల్లబల్ల. అడక్కుండానే చేశాడు. నేను పొట్టిదాన్నని గోడకు కిందుగా బిగించాడు. నా చెల్లెలు దానిమీద రాయాలంటే నడుం వంచాలి. కాబట్టి ఇది ఆమెకు చెందదు. ఈ మధ్యే లెక్కల టీచరుగా చేరిన ఆమె కూతురికి సర్వహక్కులతో చెందుతుంది. ఆ పిల్ల పొట్టిది, రాత కోడి కెలికినట్టుంటుంది. నా చెల్లెలి కడుపున పుట్టి ఈ పెద్దమ్మ పోలిక తెచ్చుకున్నందుకు ఇస్తున్నాను. తల్లి వచ్చి చూసుకోవచ్చు, రాయకూడదు.

5. మూడో అంశంలోని డబ్బా పుచ్చుకోవలసిన నా చెల్లెలు నాకన్నా ముందే మరణిస్తే అది ఎవరికి చెందాలో రాయమని వకీలు గారు పట్టుబడుతున్నారు. రాతలో, ఎత్తులో, మెప్పులో అన్నిట్లోనూ నా చెల్లెలు నాకన్నా ముందే ఉంది. పోవడంలో మాత్రం దానికి ఆ హక్కు లేదు. అది లేకపోతే నేను ఎవర్ని చూసి ఉడుక్కుంటూ బతకాలి? ఆ నిబంధన రాయను.

తేదీ: జూన్ పన్నెండు, బడి తెరిచిన రోజు

సంతకం: లెక్కల టీచరు (అక్షరాలు కుదరలేదు, అయినా నాదే)

సాక్షులు: మందుల షాపు యజమాని, బడి వాచ్‌మన్