తుపాకీకి పెట్టిన బొట్టు

సుగుణా, ఈపొద్దుకు నువ్వు పోయి ఇరవై ఏండ్లు.

నా కూతురు కర్నూలు కాలేజీలో పోటీ గెల్చుకోనొచ్చింది. చెరచనీకి వచ్చినోని నుంచి ఆడపిల్లను తుపాకీ కాపాడుతుందా లేదా అనేదే వాదన. కాపాడుతుందని ఇది గట్టిగా మాట్లాడిందంట. కప్పు తెచ్చి నీ ఫోటో ముందర పెట్టి, "మా, ఆపొద్దు చిన్నమ్మ దగ్గర తుపాకీ ఉండింటే బతికుండేది కదా?" అనింది.

మనింట్లో తుపాకీకి ఏం కరువు? ఊర్లో పగలకు భయపడి నాయన కొనుండె కదా. ఆడోళ్లను దాన్ని ముట్టుకోనిచ్చేది దసరా దినం ఒక్కటే. నువ్వే పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, "మా ఇంటిని సల్లగా కాపాడు తల్లీ" అని మొక్కుతాంటివి.

నిన్ను చెరిచినోడు ఎవరో నా కూతురికి ఇన్నాళ్లూ చెప్పలేదు. ఈపొద్దు చెప్పినా. పండగ మరుసటి దినం నువ్వు మేనత్త ఊరికి పోతాంటే, తోడుగా నాయన పంపిన మనిషే అని.

"మరి వాని దగ్గర తుపాకీ ఉండెనా మా?" అనడిగింది.

ఉండె సుగుణా. నాయనే ఇచ్చి పంపె. ఆ సాయంత్రం వాడొచ్చి దాన్ని గోడకు తగిలిచ్చినప్పుడు చూసినా. నువ్వు పెట్టిన బొట్టు చెదరకుండా అట్లే ఉండె.